ఐదో గది మిద్దె

"ఈ మాట ఇంజనీరుకు చెప్పొద్దు ఆవులప్పా," అంది హెడ్‌మిస్ట్రెస్ జయమ్మ.

ఆవులప్ప చేతిలో ఇనప చువ్వ ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా పాత మిద్దెలు బాగుచేస్తున్న మేస్త్రీ అతను. కాడుగోడి అవతల ఉన్న ఆ సర్కారు బడి మిద్దె మీద పొద్దున్నుంచీ చువ్వతో కొట్టి చూస్తున్నాడు. నాలుగు గదుల మీద స్లాబు ఖంగుమంది. ఐదో గది మీద డొల్లగా పలికింది. మధ్యలో కిందికి దిగి చూసొచ్చాడు, ఆ గది కప్పుకు పెచ్చులూడి ఉన్నాయి. లోపలి కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బిపోయి ఉన్నాయి.

"పూత పూస్తే కారేది ఆగుతాది మేడమ్. పడేది ఆగదు," అన్నాడు.

జయమ్మకు ఆ సంగతి అర్థమైంది కాబట్టే భయం పట్టుకుంది. పాత బడుల మిద్దెలు బాగుచేయించడానికి కుందలహళ్ళి దగ్గరున్న ఒక కంపెనీ ముందుకొచ్చింది. కొత్త బిల్డింగు కట్టించడం వాళ్ళ పని కాదు. వాళ్ళ ఇంజనీరు దామోదర్ ముందే చెప్పాడు. అన్ని గదులూ గట్టిగా ఉంటే రేపే పని మొదలు. ఒక్కటి పాడైనా మొత్తం బిల్డింగును పడగొట్టాల్సిన వాటిలో రాసేస్తారు.

"పడగొట్టేది రెండు దినాల పని. మళ్ళా కట్టేది ఎప్పుడు? అందాకా పిల్లోళ్ళను రైలు కట్ట అవతలి బడికి పంపమంటారు," అంది జయమ్మ. పిట్టగోడ మీంచి కిందికి చూపించింది. "ఆ పిల్లను చూడు. అది పోతాదా?"

కింద తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని కుళాయి దగ్గర పలక కడుక్కుంటోంది. వాళ్ళమ్మా నాన్నా పక్క వీధిలో లేస్తున్న అపార్ట్‌మెంటులో కూలీలు. ఈ బడి మూతబడితే ఆ పిల్ల కూడా అక్కడే ఇటుకలు మోస్తుందని ఆవులప్పకు ఒకరు చెప్పక్కర్లేదు.

"నా నోటితో బాగుండాదని చెప్పినాక ఏమన్నా అయితే?"

"ఆ గదికి తాళమేస్తా. ఒక్క పిల్లను గూడా లోపల అడుగు పెట్టనీను."

మధ్యాహ్నం దామోదర్ వచ్చాడు. మిషన్లతో పరీక్ష చేయించమంటారా అని ఆఫీసులో అడిగితే, ఆవులప్ప చెవి చాలునని చెప్పి వచ్చానన్నాడు. ఆవులప్ప ఐదు గదులూ గట్టిగా ఉన్నాయని చెప్పాడు. దామోదర్ అలాగే రాసుకున్నాడు.

పని పన్నెండు రోజులు పట్టింది. పాత గచ్చు గీకేశారు. బీటలు పూడ్చి, పూతకు పట్టుగా వల గుడ్డ పరిచి, రెండు సార్లు తెల్ల పూత పూశారు. ఐదో గది మీదికి మాత్రం ఆవులప్ప కూలీలనెవరినీ ఎక్కనివ్వలేదు. తానొక్కడే మోకాళ్ళ మీద పాకుతూ పూసుకొచ్చాడు. ఆఖరి రోజు జయమ్మ అతని కళ్ళముందే ఆ గదికి తాళం వేసింది.

జూన్ వానలకు ఒక్క చుక్క కారలేదు. కంపెనీ వాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకుని పోయారు. ఆవులప్ప రెండు సార్లు పని కట్టుకుని వెళ్ళి చూసి వచ్చాడు. తాళం అలాగే ఉంది. బడి బాగుపడిందని తెలిసి చుట్టుపక్కల కూలీల పిల్లలు ఇంకో నలభై మంది చేరారని జయమ్మ సంతోషంగా చెప్పింది. చోటు చాలక ఒకటో క్లాసును వరండాలో కూర్చోబెట్టిందట. అతనికి గుండెలో బరువు కొంచెం దిగినట్టయింది.

ఆగస్టులో ఒక గురువారం, ఎండ కాస్తున్న మధ్యాహ్నం, ఇంకో మిద్దె మీద పనిలో ఉండగా ఫోను మోగింది. ఆ బడిలోనే పనిచేసే ఆశ టీచరు. ఐదో గది పడిపోయిందనీ, బిన్నా, ఆలస్యం చేయకుండా రమ్మనీ అంది. వెనక పిల్లల ఏడుపులు. ఇంకేమీ అడగకముందే ఫోను తెగిపోయింది.

బండి మీద దారంతా అతనికి తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్లే కళ్ళల్లో మెదిలింది.

గేటు దగ్గర ఇంకా దుమ్ము లేస్తోంది. ఐదో గది కప్పు నడిమికి విరిగి లోపలికి కూలింది. తను పూసిన తెల్ల పూత మాత్రం చిరగని దుప్పటిలా గోడకు వేలాడుతోంది. నలుగురైదుగురు మగవాళ్ళు పెళ్ళలు తీసి పక్కకు విసురుతున్నారు.

ఆశ పిల్లలందర్నీ కాంపౌండు గోడ వారగా నిలబెట్టి, హాజరు పుస్తకం పట్టుకుని పేర్లు పిలుస్తోంది. ఆవులప్ప గోడ పట్టుకుని నిలబడ్డాడు. ప్రతి పేరుకూ ఒక గొంతు పలికింది. ఆఖరి పేరు దాకా పలికింది. తమ్ముణ్ణి చంకనేసుకుని ఆ పిల్ల కూడా ఉంది.

ఆవులప్ప దుమ్ములోనే కూలబడ్డాడు. పైగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కొంతసేపటికి తల ఎత్తి చూస్తే, ఆ మనుషులు ఇంకా ఆగలేదు. చేతులు చీరుకుపోతున్నా పెళ్ళలు లాగుతూనే ఉన్నారు.

"పిల్లోళ్ళంతా ఈడనే ఉండారు గదమ్మా. వాళ్ళింకా ఎవురి కోసరం తీస్తాండారు?" అని అడిగాడు.

ఆశ పుస్తకం మూసింది.

"మేడమ్ కోసరమప్పా. వరండాలో చిన్నోళ్ళు వానకు తడుస్తాండారని తన ఆఫీసు రూము వాళ్ళకిచ్చేసి, సోమవారం నుంచి ఆయమ్మే తాళం తీసి ఆ గదిలో కూర్చుంటాండాది."