పది దుప్పట్ల కట్ట

"నా పిల్ల చెయ్యి దాటిపోతోందండీ. ఏదో ఒకరోజు కన్యాస్త్రీల మఠానికి వెళ్ళిపోతానంటుంది, చూస్తూ ఉండండి."

భర్త గడ్డం గీసుకుంటూనే అన్నాడు. "మొన్న ఆలస్యమైతే బస్సు బోల్తా పడిందన్నావు. నిన్న పెందలాడే వస్తే ఉద్యోగం ఊడిందన్నావు. ఇవాళ మఠమా?"

"నవ్వండి. దాని తలగడ కింద పుస్తకం చూశాను. పదహారేళ్ళకే తల్లిని వదిలి మఠంలో చేరిన పునీతురాలి చరిత్ర. ఎవరిచ్చి ఉంటారు? ఆ పూసలమ్మే."

కూతురు ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. అక్కడే పనిచేసే ఒక ముసలావిడ మెడలో ఎప్పుడూ జపమాల. అందుకే అందరికీ పూసలమ్మ.

ఆ మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చే నెపంతో తల్లి లాండ్రీకి వెళ్ళింది.

ఆవిరి మధ్య ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దుప్పట్లు మడుస్తున్నారు. చెరో రెండు కొసలు. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపంలో సగం ముసలావిడ, మిగతా సగం పిల్ల. జపం ముగిసేసరికి నాలుగు చేతులూ కలుస్తున్నాయి, దుప్పటి మడత పడుతోంది. జపమాలలో పదేసి పూసల్లాగే, పది దుప్పట్లకు ఒక కట్ట. కట్ట పక్కన పెట్టి, ప్రభువు నేర్పిన పరలోక జపం, మళ్ళీ మొదలు.

పిల్ల నవ్వుతోంది. ఇంట్లో ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

తల్లి క్యారేజీ అక్కడే పెట్టేసి ముసలావిడ మీదకు వెళ్ళింది.

"నీకు పిల్లల్లేరని నా పిల్ల మీద పడ్డావా?"

ముసలావిడ కొసలు వదల్లేదు. "కూర్చో తల్లీ. ఈ కట్ట కానీ, మాట్లాడుకుందాం."

"నీతో నాకు మాటలేంటి?"

తిన్నగా సూపర్‌వైజరు దగ్గరకు వెళ్ళింది.

"పనివేళ జపాలేంటి సార్? దుప్పట్ల లెక్క తప్పితే నా పిల్ల మీదకు రాదూ?"

"ఆ జపం వల్లే ఇన్నేళ్ళూ లెక్క తప్పలేదమ్మా" అన్నాడాయన. కానీ తల్లి పోరు పడలేక, మర్నాడే ముసలావిడను ఉతికే గదికి మార్చేశాడు.

ఆ రోజు నుంచి పిల్ల తల్లితో మాట మానేసింది. తింటుంది, వెళ్తుంది, వస్తుంది.

తల్లి కూడా జపమాల పట్టుకుంది. పూస పూసకూ ఒకటే మనవి: మరియమ్మా, ఆ ముసలిదాన్ని నా పిల్లకు దూరం చెయ్యి.

రెండు నెలలకు పూసలమ్మ నిద్రలోనే పోయింది.

తల్లికి లోలోపల హాయిగా అనిపించింది. వెంటనే, ఆ పాపం పిల్లకు చుట్టుకుంటుందేమోనని భయపడింది.

సమాధుల తోట నుంచి వచ్చిన పిల్ల నేరుగా సంచిలో బట్టలు సర్దుకోసాగింది.

"ఎక్కడికే?"

పిల్ల ఇంకో జత మడిచి సంచిలో పెట్టింది.

"మఠానికేనా? చచ్చి కూడా నిన్ను లాక్కుపోతోందా అది?"

పిల్ల చేతులు ఆగాయి.  రెండు నెలల్లో మొదటిసారి తల్లితో నోరు విప్పింది.

"మఠం ఆలోచన నాదేనమ్మా. మూడేళ్ళుగా నేను బయల్దేరిన ప్రతిసారీ, 'మీ అమ్మ మనసారా పంపేదాకా కదలకు' అని నన్ను ఇంటికి తిప్పి పంపింది ఆవిడే."