లారియో తాత బుట్ట

"ఇవ్వం. పిల్ల ఇంకా చిన్నది. బుట్ట తీసుకుపొండి" అంది సెపా అవ్వ.

ఆమె వాకిట్లో మోకాళ్ల మీద కూర్చున్న లారియో తాత తెల్లబోయాడు. మా చిచికాస్తెనాంగో ఊరి చుట్టుపక్కల ఏ పెళ్లికైనా రాయబారి ఆయనే. అడగ్గానే పిల్లనివ్వడం మా దగ్గర మర్యాద కాదు. మొదటిసారి కాదంటారు, రెండోసారీ కాదంటారు, మూడోసారి రొట్టెలు, చాక్లెట్ ఉన్న బుట్ట లోపలికి తీసుకుంటారు. బుట్ట తీసుకుంటే పిల్లనిచ్చినట్టే. ఇది నాలుగోసారి.

వీధి మలుపు తిరగ్గానే పెళ్లికొడుకు బసీలియో బుట్ట కింద పెట్టేశాడు.

"తాతా, ఇంకొక్కసారి కాదంటే మా నాన్న సోలోలాలో వేరే పిల్లని చూస్తాడంట. తలిన్ లేకపోతే నేను బతకలేను."

"ఊరుకోరా. అవ్వకి మనవరాలంటే ప్రాణం, అందుకే నానుస్తోంది."

"నానుస్తోంది మీరే. వచ్చినప్పుడల్లా ఆమె మోకాలి నొప్పి, ఆమె టర్కీ కోళ్లు, ఇవే మాటలు. నా ఊసెక్కడ? మీకేమో వేడివేడి మొక్కజొన్న జావ. నాకు మంచినీళ్లన్నా లేవు."

"పెద్దదాన్ని పలకరించకపోతే ఎట్టా?"

"మొదటిరోజే ఔననేస్తే ఆమె సొమ్మేం పోయేది?"

తాత కర్రతో నేల మీద కొట్టాడు. "నోర్ముయ్. తలుపు తట్టిన మొదటిసారే ఔననేవాడికి సిగ్గూ శరమూ లేనట్టే. మీ తాత పెళ్లికీ ఇదే చెప్పా, మీ నాన్న పెళ్లికీ ఇదే చెప్పా."

గురువారం సంత రోజున మళ్లీ వెళ్లారు. తాత తలకి కొత్త ఎర్రగుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"సెపమ్మా, పిల్లాడు చిక్కి సగమయ్యాడు. ఇదే ఆఖరు. నువ్వు ఔనన్నా కాదన్నా ఇంక నేనీ గుమ్మానికి రాను."

అవ్వ చేతిలో జావ గిన్నె అలాగే ఆగిపోయింది.

"ఇంక రారా?"

"పనేముంది, వస్తే?"

ఆమె ఆయన వంకా, బుట్ట వంకా చూసింది. "అయితే తీసుకుపొండి పిల్లని" అని బుట్ట లోపలికి లాక్కుని తలుపేసుకుంది.

బసీలియో గాల్లోకి ఎగిరాడు. తాత మాత్రం మూసిన తలుపు వంకే చూస్తూ నిలబడ్డాడు.

"తాతా, గెలిచాం."

"ఆ... గెలిచాం. గిన్నె చేతిలోనే ఉంది, జావ ఇవ్వలేదేంట్రా?"

మర్నాడు పొద్దున్నే మంచు తెర ఇంకా వీడలేదు. లారియో తాత తలుపు ఎవరో తట్టారు. ఆయన సందు చేసి చూశాడు. గుమ్మం ముందు బసీలియో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిన్నటి బుట్టే. కాస్త వెనగ్గా తలిన్, ఆమె వెనకాల శాలువాతో ముఖం కప్పుకుని సెపా అవ్వ.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"నేను రాయబారిని" అని గొంతు సవరించుకున్నాడు బసీలియో. "పెద్దయ్యా, ఈ ఇంట్లో ఒంటరిగా జావ కాచుకుని తాగే పెళ్లికొడుకు ఒకడున్నాడని విని, మా అవ్వ తరఫున అడగడానికి వచ్చాం. ఇవాళ మీరు కాదంటారు, మాకు తెలుసు. మర్యాద కదా. ఆదివారం మళ్లీ..."

తలుపు పూర్తిగా తెరుచుకోకముందే, సందులోంచి ఒక చెయ్యి వచ్చి బుట్టని లోపలికి లాగేసుకుంది.