ఆరో గ్లాసు

“ఇంగ నా వల్ల కాదప్పా,” అంటూనే వన్నూరప్ప అయిదో గ్లాసు నీళ్లు కూడా తాగేశాడు. వెయిటర్ వచ్చి మళ్లీ నింపాడు.

స్నేహితులిద్దరూ ఉరవకొండ నుంచి పాండిచ్చేరి చూడ్డానికి వచ్చి, పెద్ద ఫ్రెంచి హోటల్లో కూర్చున్నారు. తిండి ఇంకా రాలేదు.

“వదిలెయ్యి. గ్లాసు ఖాళీగా ఉంటే వీళ్లకు మర్యాద తక్కువంట. నువ్వు తాగేకొద్దీ పోస్తానే ఉంటాడు,” అన్నాడు ఓబులేసు.

“వదిలేస్తే పారబోస్తారు గదప్పా! మా యమ్మ ట్యాంకరు కాడ కొట్లాడి బిందె తెచ్చేది. గ్లాసులో గుక్కెడు మిగిలిస్తే ఈపు పగిలేది.”

వన్నూరప్ప కళ్లు మూసుకుని ఆరో గ్లాసు ఎత్తాడు.

వెయిటర్ చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. మేనేజరు చూడటంలేదని తేల్చుకుని, వంగి, గొంతు తగ్గించాడు.

“తాగొద్దన్నా. మాదీ మీ కరువు సీమే, కదిరి. నేనూ పారబోయను. అందరూ మిగిల్చిన నీళ్లు వంటింటి వెనక కరేపాకు చెట్టుకు పోస్తాండా.”

వన్నూరప్ప గ్లాసు దించాడు. పొట్టలో నీళ్లు గుడగుడలాడాయి.

“ఆ మాట మొదటి గ్లాసుకే చెప్పకూడదా అప్పా! ఇప్పుడు కూడు యాడ పెట్టుకోవాల?”