జానీ బీ అడిగిన గది

"మార్కెట్ వెనక కమ్యూనిటీ హాలు ఇస్తామంటే వద్దంటారేంటమ్మా?"

మునిసిపల్ ఛైర్‌పర్సన్ బిందుమాధవి నిజంగానే అర్థంకాక అడిగింది.

కౌన్సిల్ హాల్లో గోడవారగా నిలబడ్డ ఏసుపాదానికీ అర్థం కాలేదు. రెండేళ్ళ నుంచి అతనూ తోటివాళ్ళూ ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని ఈ ఆఫీసు మెట్లెక్కుతున్నారు. స్టేషన్ బయటా ఫ్లైఓవర్ కిందా పడుకునేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘం వాళ్ళది. అమృతలూరు వదిలొచ్చి ఈ ఊళ్ళో ముసలివాడైపోయిన ఏసుపాదాన్ని అధ్యక్షుడన్నారు గానీ, మాట్లాడేదంతా జానీ బీ. రేపల్లె మనిషి, సంఘంలోకి ఒంటరిగా వచ్చింది. తనవాళ్ళ గురించి అడిగితే మాట మార్చేస్తుంది. ఎదుట ఎంత పెద్దవాళ్ళున్నా గొంతు వణకదు.

తల దాచుకోవడానికో గది. ఇన్నాళ్ళూ అడిగింది అదే. ఇవాళ చేతికందింది. తీరా అందాక జానీ బీ వద్దంటోంది.

"హాలు మాకొద్దండి," అంది జానీ బీ. "పాత ఆసుపత్రి వెనక తాళం వేసున్న గది ఇప్పించండి."

కమిషనర్ ప్రతాప్ పెన్ను కింద పెట్టాడు.

"అది మార్చురీ అమ్మా. కొత్త ఆసుపత్రి కట్టేదాకా శవాలుంచిన గది."

"తెలుసు సార్. శ్లాబు గట్టిది. గుమ్మం పక్కనే కుళాయుంది. హాల్లో ఉంటే నెల తిరక్కుండా మార్కెట్టువాళ్ళు మా మీద అర్జీ పెడతారు. శవాల గదిలో పడుకుంటామంటే వద్దనేవాళ్ళు ఎవరుంటారండి?"

వెనక వరసలో ఒక కౌన్సిలర్ నవ్వాడు. తర్వాత ఒక్కొక్కళ్ళే తలూపారు. ఏ వార్డువాళ్ళూ గొడవ చెయ్యని చోటు. తీర్మానం ఇట్టే నెగ్గింది.

మెట్లు దిగుతుంటే సంఘంలోని బాపట్ల సుందరమ్మ దెబ్బలాటకి దిగింది.

"పోయాక ఎలాగూ తీసుకెళ్తారు. బతికుండగానే చేర్చావు కదే మమ్మల్ని."

"అక్కణ్ణించి మనల్నెవరూ లేపరు పిన్నీ," అంది జానీ బీ, అంతే.

ఏసుపాదం ఆమె తెలివిని మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే భయపడ్డాడు. రిక్షా తొక్కే రోజుల్లో ఒకసారి ఆ గుమ్మం దాకా ఒక శవాన్ని తెచ్చాడు. దించేశాక కూడా రిక్షా బరువు తగ్గినట్టనిపించలేదు. ఇంటికి పోయేదాకా వెనక్కి తిరిగి చూడలేకపోయాడు. మళ్ళీ ఆ వీధిలో అడుగు పెట్టలేదు.

గదికి సున్నం కొట్టారు. ఫినాయిల్ పోసి కడిగారు. అయినా ఆ సున్నం కిందనుంచి, ఫినాయిల్ కిందనుంచి ఇంకేదో చల్లగా తగులుతూనే ఉంది. బిందుమాధవి గుమ్మం బయటే నిలబడి రిబ్బన్ కత్తిరించి, లోపలికి తొంగిచూడకుండా కారెక్కింది.

పొద్దు వాలుతుండగా ఒక్కొక్కళ్ళూ లోపలికొచ్చారు. అందరూ గుమ్మం దగ్గరే పక్కలు పరిచారు. ఒకళ్ళ మోచెయ్యి ఒకళ్ళకి తగిలేంత ఇరుకైనా ఎవరూ లోపలికి జరగలేదు. ఫ్లైఓవర్ కింద పొద్దస్తమానం వాగే సుందరమ్మ కూడా కొంగు తల మీదిగా కప్పుకుని ముడుచుకుంది. ఏసుపాదం పెదవులు కదపకుండా ప్రార్థన చేసుకున్నాడు. పైన ఫ్యాను తిరిగింది. దాని చప్పుడు మధ్యలో ఎవరో ఊపిరి పీల్చినట్టుంటే తలలు లెక్కబెట్టుకోవాలనిపించింది. లెక్క ఎక్కువ తేలుతుందేమోనని మానుకున్నాడు.

జానీ బీ మాత్రం ఎటూ చూడలేదు. తెలిసిన ఇంట్లో నడిచినట్టు తిన్నగా వెనక గోడ దాకా వెళ్ళింది. అక్కడ సిమెంటు బల్ల పీకేసిన చోట నేల నల్లగా, వేరుగా ఉంది. ఆ నలుపు మీదే చాప పరిచింది. అంచున ఒత్తిగిలి పడుకుంది. చాపలో సగం ఖాళీగా ఉండిపోయింది.

ఏసుపాదం గుండె చిక్కబట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"అక్కడొద్దు అమ్మాయ్. ఇటు మా పక్కకి రా."

"నాకిక్కడ బాగుంది బాబాయ్."

"బల్ల ఉన్న చోటది. ఎవరెవర్ని పడుకోబెట్టారో ఏంటో. నీకు భయం లేదా?"

జానీ బీ చల్లటి నేల మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. ఆ తర్వాత, నిద్రపోయేవాళ్ళని లేపకూడదన్నట్టు మెల్లగా అంది:

"మా ఆయన మూడు రోజులు ఇక్కడే ఉన్నాడు బాబాయ్, కిటికీలోంచి పాదాలొక్కటే కనపడేవి, ఇల్లూ అడ్రసూ లేనిదానివి, పెళ్ళానివని రుజువేంటంటూ నన్నీ గుమ్మం దాటనివ్వలేదు."