బ్వేపో ఇంగ్లీషు

"ఏడాది కావస్తున్నా ఈ పిల్లకు ఒక్క ముక్క ఇంగ్లీషు రాలేదు. ఇక వేరే బడికి పంపించేస్తాం" అంది బల్ల మీది ఫోను.

అన్నది ఎదురుగా కూచున్న టీచరమ్మ కెండ్రిక్. దాన్ని కరెన్ భాషలోకి మార్చి చెబుతున్నది ఎక్కడో వేరే ఊళ్ళో ఫోను పట్టుకున్న కరెన్ అమ్మాయి. ఎవరన్నదైతేనేం, నానమ్మ లాసే గుండె జారిపోయింది. బర్మా నుంచి ఈ అమెరికా ఊరికి వలసొచ్చిన కొడుకూ కోడలూ మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టు మీదున్నారు. తాంబూలం నములుతూ బడికి వెళ్ళొద్దని కోడలు మరీ మరీ చెప్పడంతో నోరు ముందే ఎండిపోయి ఉంది.

"వేరే బడి అంటే ఏం బడి?"

"చదువు తలకెక్కని పిల్లలది, ఫీ. ఊరి అవతల." కరెన్ భాషలో నానమ్మని ఫీ అంటారు, టీచరమ్మని తరాము అంటారు.

లాసే పక్కకి చూసింది. ఏడేళ్ళ మనవరాలు బ్వేపో చేతులు కట్టుకుని, తల దించుకుని, గోడకి అతికించిన బొమ్మలా నిలబడి ఉంది.

"తలకెక్కకపోవడమా? దీనికా? అమ్మాయీ, తరాముకి గట్టిగా చెప్పు. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది ఇదొక్కతికే! దీని నాన్నకి రాదు, అమ్మకి రాదు, నాకు బొత్తిగా రాదు. వీధి చివర కొట్లో గీచి గీచి బేరం చేసేదెవరు? ఇదే. కుళాయి కారిపోతుంటే అపార్ట్‌మెంటు మేస్త్రీని పట్టుకుని దులిపిందెవరు? ఇదే. ఆయన పరుగెత్తుకొచ్చి బాగుచేసి, దీని చేతిలో మిఠాయి కూడా పెట్టి పోయాడు!"

టీచరమ్మ నిట్టూర్చింది.

"మనవరాలి మీద ప్రేమకొద్దీ అలా చెబుతున్నారంటోంది, ఫీ."

"ప్రేమకొద్దీ కుళాయి ఆగుతుందా?"

ఫోనులో అమ్మాయి నవ్వు ఆపుకుని టీచరమ్మ మాటలు అందుకుంది. "ఇంగ్లీషు రాని పిల్లల్ని ఐదుగురిని రోజూ ఒక బల్ల దగ్గర విడిగా కూచోబెట్టి నేర్పిస్తున్నారట. బొమ్మలు చూపిస్తారట, పాటలు పాడిస్తారట. మిగతా నలుగురికీ అంతో ఇంతో వచ్చిందట. మన పిల్ల మాత్రం తనని చూస్తే చాలు, 'చెప్పను పో' అన్నట్టు మొండిగా చేతులు కట్టేసుకుంటుందట."

లాసేకి చర్రుమంది. "తరాము ముందు చేతులు కట్టుకోక నడుం మీద పెట్టుకుంటారా? అలా నిలబడితే మన వాళ్ళు పిల్లని కాదు, పెంచినదాన్ని తిడతారు!"

ఆ మాట చేరాక టీచరమ్మ పిల్ల చేతుల వైపు కొత్తగా చూసింది. అయినా కాగితం ముందుకి జరిపి, దాని మీద కలం పెట్టింది.

"మర్యాద సరే, మాట కూడా రావాలి కదా అంటోంది. సంతకం పెట్టమంటోంది, ఫీ."

పెడితే పిల్ల గతేమిటో తెలీదు. పెట్టకపోతే ఏం చేస్తారో అంతకన్నా తెలీదు.

"ఆగమను. ఇప్పుడే, ఇక్కడే మాట్లాడిస్తా. బ్వేపో, చేతులు విప్పు."

"తరాము ముందా, ఫీ?" పిల్ల తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పాపమేదో నాకే తగలనీ. కొట్లో మాట్లాడినట్టు మాట్లాడు. ఆ బడికి నేను పోనని చెప్పు. ఇవాళ నోరు విప్పకపోతే నీ స్నేహితులెవరూ నీకిక కనబడరు, తెలుసా?"

బ్వేపో మెల్లగా చేతులు విప్పింది. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. టీచరమ్మ గడియారం వైపు చూసింది.

అంతే, పిల్ల అందుకుంది! ఒక్క మాట తడబడలేదు. ఓసారి బతిమాలింది, ఓసారి వాదించింది, గుండె మీద చెయ్యేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా లాసే ఛాతీ ఉప్పొంగిపోయింది.

టీచరమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. కాసేపటికి కాగితాన్ని తన వైపుకి లాగేసుకుంది.

"ఇప్పుడేమంటుందో అడుగమ్మాయీ!"

బ్వేపో నానమ్మ చెవిలో గుసగుసలాడింది. "చూశావా ఫీ, ఆవిడకేమీ అర్థం కాలేదు. ఈ తరాముకి ఇంగ్లీషు రాదని నాకు ముందునుంచీ అనుమానమే."

"టీచరై ఉండి ఇంగ్లీషు రాదా!" లాసే ముక్కున వేలేసుకుంది.

టీచరమ్మ ఫోను దగ్గరికి వంగి నెమ్మదిగా ఏదో చెప్పింది. ఫోనులో అమ్మాయి గొంతు సవరించుకుంది.

"ఫీ, ఆ బల్ల దగ్గర మిగతా నలుగురూ మెక్సికో పిల్లలట. మీ కొట్టువాడూ, మేస్త్రీ కూడా ఆ దేశం వాళ్ళే అయ్యుంటారు. ఆ పిల్లలతో కూచుని మన బ్వేపో ఇన్నాళ్ళూ నేర్చుకున్నది స్పానిష్ అట!"