పాదిరీగారి పాఠం

"మళ్ళీ చదువు. మెల్లిగా," అన్నారు పాదిరీగారు.

ఏసురాజు అదే ఇంగ్లీషు వాక్యం ఇంకోసారి చదివాడు. పాదిరీగారు కళ్ళు మూసుకుని విన్నారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. తప్పెక్కడ దొరుకుతుందా అని కాచుకుని కూర్చున్నారనిపించింది ఏసురాజుకి.

"ఇప్పుడు దాని అర్థం తెలుగులో చెప్పు."

చెప్పాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. "మళ్ళీ" అన్నారు, అంతే.

వేసవంతా ఇదే వరస. కాలవగట్టు మీది మిషను బంగళాలో పొద్దున్నే కూర్చుంటే దీపాల వేళ దాకా లేవనిచ్చేవారు కాదు. ఏసురాజు పాలకొల్లు బళ్ళో చదివి మెట్రిక్యులేషను ఎలాగో గట్టెక్కాడు. కానీ రాజమండ్రి కాలేజీలో చేరాలంటే ప్రిన్సిపాలు దొరగారి ఎదుట నిలబడి ఇంగ్లీషులో మాట్లాడి మెప్పించాలి. మెప్పిస్తే కాలేజీ. లేకపోతే అయ్య వెనకాలే ఆసామి రాజుగారి చేలో నాగలి. "దొర పొమ్మంటే తిన్నగా అరక దగ్గరికి వచ్చెయ్యరా," అని రాజుగారు ముందే చెప్పేశారు కూడా.

బళ్ళో వీరాస్వామి మేస్టారు నేర్పిన ఇంగ్లీషు దొరల ముందు ఆనదని ఊరంతా భయపెట్టింది. అందుకే అమ్మ సంపూర్ణమ్మ, సముద్రం దాటొచ్చి, తెలుగు నేర్చుకుని, ఊళ్ళోకి కొత్తగా వచ్చిన తెల్ల పాదిరీగారి కాళ్ళ మీద పడింది. "మా వాణ్ణి తమరి దగ్గర కూర్చోబెట్టుకోండి బాబూ," అంది. అడగడమే ఆలస్యం, ఆయన ఒప్పుకున్నారు.

ఒప్పుకున్నారు గానీ, ఏసురాజుతో ఒక్కనాడూ ఇంగ్లీషులో మాట్లాడలేదు. అంతా తెలుగే. నా మొహానికి ఇంగ్లీషు దండగనుకున్నారు కాబోలని అతను లోలోపల కుమిలిపోయాడు.

ఒక సాయంత్రం పాదిరీగారు పక్కగదిలో ఒంటరిగా ప్రార్థన చేసుకుంటుంటే ఏసురాజు విన్నాడు. మాటలు గొంతులోంచి గరగరమంటూ వస్తున్నాయి. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అసలైన ఇంగ్లీషంటే ఇదన్నమాట. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

రాజమండ్రికి పడవెక్కినప్పుడు పాదిరీగారూ వెంట వచ్చారు. దారిలోనైనా వదిలారా? "చదువు, ఏసురాజూ," అంటూనే ఉన్నారు.

ప్రిన్సిపాలు దొరగారి గదిలో పంకా ఊగుతోంది. ఏసురాజు చొక్కా మాత్రం తడిసి వీపుకి అంటుకుపోయింది. పాదిరీగారు పక్కనే నిలబడ్డారు.

దొరగారు నోరు తెరిచారు. విచిత్రం, ప్రతి మాటా అర్థమైంది! ఊరేదన్నారు. ఏం చదివావన్నారు. ఎందుకు చదవాలన్నారు. ఏసురాజు ఆగకుండా జవాబు చెప్పాడు.

దొరగారు గడ్డం నిమురుకున్నారు. తరవాత పాదిరీగారి వైపు తిరిగి ఇంగ్లీషులో గబగబా అన్నారు.

"కుర్రవాడి ఇంగ్లీషు శుభ్రంగా ఉంది. ఇతనికి మీరు పూచీ ఉంటారా? ఔనంటే ఇప్పుడే చేర్చుకుంటాను."

ఏసురాజు పాదిరీగారి మొహంలోకి చూశాడు. ఒక్క మాట చాలు. ఔనంటే చాలు.

పాదిరీగారు అనలేదు. ఆయన మొహం కందగడ్డలా అయింది. నుదుటి మీద చెమట పట్టింది. దొరగారు కనుబొమలు ముడిచి, అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. అయినా పాదిరీగారు పలకలేదు. అయిపోయింది, పూచీ ఉండడం ఈయనకి ఇష్టం లేదు. ఏసురాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు పాదిరీగారు అతని చెవి దాకా వంగి, బతిమాలుతున్నట్టు తెలుగులో గొణిగారు: "దొరగారిని కాస్త మెల్లిగా చెప్పమను నాయనా, మా దేశపు భాష వేరు, నాకొచ్చిన ఇంగ్లీషంతా ఈ వేసవిలో నువ్వు నేర్పిందేగా!"