గుండె లేని బీమా

పరాయి దేశంలో బతికేవాళ్ళకు ఒళ్ళంతటికీ కలిపి బీమా ఇవ్వడం ఏనాడో మానేశారు. ఇప్పుడు భాగాల లెక్కన అమ్ముతున్నారు. కువైట్‌లో ఇంటిపనికి చేరిన రాయచోటి ఓబులమ్మకు మేడం కొన్నది చేతులకు, కాళ్ళకు, నడుముకు. ఇల్లు ఊడ్చేదానికి గుండెతో ఏం పని?

ఆ పొద్దున రొట్టెపిండి పిసుకుతుంటే గుండెలో పట్టేసింది. నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. మణికట్టుకున్న బీమా పట్టీ తియ్యగా పలికింది.

"ఎక్కడ నొప్పి అక్కా?"

"గుండెలో..."

"అది మీ బీమాలో లేదు అక్కా."

పక్కన ఎర్రగడ్డలు తరుగుతున్న రెడ్డెమ్మ కసిరింది. "గుండె అంటావేందిమే, తిక్కదానా! చెయ్యి నొప్పి అని చెప్పు. ఆసుపత్రిలో పండుకోబెడితే గుండెను గూడా చూడక ఏం చేస్తారు?"

ఓబులమ్మ చెయ్యి నొప్పంది. ఆసుపత్రి లేదు, ఏమీ లేదు. పట్టీ చురుక్కున సూది గుచ్చింది. చేతిలో నొప్పి ఇట్టే పోయింది.

"చెయ్యి నయమైంది అక్కా. ఇక పని చేసుకోవచ్చు."

ఓబులమ్మ మళ్ళీ పిండిలో చెయ్యి పెట్టింది. రెండు ముద్దలు చేసిందో లేదో, ఆ పిండి మీదికే ఒరిగిపోయింది. రెడ్డెమ్మ కేకలకు మేడం పరుగెత్తుకొచ్చి, ముందుగా పట్టీ చూసింది.

పచ్చగా వెలుగుతోంది. చేతులు, కాళ్ళు, నడుము, అన్నీ బాగున్నాయి.